ఓడల బొమ్మలో ముందు గాలి ఎటు వీస్తోందో చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదండీ. మీ నాన్నగారు విశాఖ పోర్టులో రిటైరైనప్పుడు తోటివాళ్ళు ఇచ్చిన పాత ఆయిల్ పెయింటింగ్ మీ హాల్లో ఉంది. ఎడమ పక్క తెరచాపలు సగం దించిన పెద్ద ఓడ, దూరంగా మరో రెండు చిన్న ఓడలు, ముందు ఒడ్డుకు దగ్గరగా ఇద్దరు మనుషులున్న పడవ. పైన ఆకాశమంతా నలుపు, సముద్రం అంచున మాత్రం ఒక పసుపు గీత. ఇంటికి వచ్చినవాళ్ళలో సగం మంది ఎంత దిగులుగా ఉందో అంటున్నారు. మీ బావగారైతే తుపానులో ఉన్న ఓడ ఇంట్లో ఉండకూడదు, తీసేయమన్నారు. మీకేమో చిన్నప్పటి నుంచి ఆ బొమ్మ చూస్తే ధైర్యంగా ఉంటుంది. ఎవరి మాట నిజం, అసలు ఓడల బొమ్మలో భావాన్ని, ప్రతీకల్ని ఎలా చదవాలి అని అడిగారు.

మీరు రాసిన వివరాలు చూస్తే మీకు అనిపించిందే నిజానికి దగ్గరగా ఉంది. అది ఆపదలో చిక్కుకున్న ఓడ బొమ్మ అని నాకు అనిపించడం లేదు. తెరచాపల్ని ఎవరో తెలిసినవాళ్ళు సమయం చూసి దించారు. తెరచాప చిరిగి వేలాడుతుంటే ఓడ గాలి చేతిలో ఉన్నట్టు, మడిచి కట్టి ఉంటే మనుషుల చేతిలో ఉన్నట్టు. సగం దించారంటే రెండే సంగతులు ఉంటాయి. గాలి పెరుగుతోందని ముందే జాగ్రత్త పడుతున్నారు, లేదా రేవు దగ్గర పడింది కాబట్టి వేగం తగ్గిస్తున్నారు. రెండిట్లోనూ దిగులు లేదు. ఒక్క మాటలో చెప్పమంటే దాని భావం ఎదురుచూపు అంటాను. రెండు మూడు విషయాలు మీరు బొమ్మలో చూసి చెబితే ఇంకా గట్టిగా చెప్పగలను, అవేమిటో కింద రాస్తున్నాను.

నేను ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ చదివి ఇరవై ఆరేళ్ళు డ్రాయింగ్ మాస్టారిగా పనిచేశాను. ఆదివారాలు పిల్లల్ని ఫిషింగ్ హార్బర్‌కీ, లాసన్స్ బే ఒడ్డుకీ తీసుకెళ్ళి పడవల బొమ్మలు వేయిస్తుంటాను. వాళ్ళకు చెప్పే వరస ఒకటే. ముందు గాలి, తర్వాత వెలుతురు, ఆ తర్వాత ఓడ ఏం పని చేస్తోందో. ప్రతీక సంగతి ఆఖర్న. చాలామంది ఆఖరిది ముందు పట్టుకుంటారు. ఓడ అంటే జీవితం, సముద్రం అంటే సంసారం, లంగరు అంటే ఆశ అని ఒక పట్టీ తయారుగా ఉంచుకుని ప్రతి బొమ్మ మీదా పెడతారు. అప్పుడు వంద బొమ్మలకూ ఒకే అర్థం వస్తుంది, ఎదురుగా ఉన్న బొమ్మని ఎవరూ చూడరు.

గాలి ఎందుకు ముందు? తెరచాప ఓడకి గాలే ఇంజను. గాలి ఎటు నుంచి వస్తోందో తెలిస్తే ఓడ వస్తోందా, పోతోందా, ఆగిందా, కష్టపడుతోందా అన్నీ తెలుస్తాయి. గాలిని చెప్పేది జెండా. మా క్లాసులో పిల్లలు దాదాపు అందరూ మొదట్లో ఒకే తప్పు చేస్తారు. తెరచాప ముందుకు ఉబ్బినట్టు వేసి, జెండాని మాత్రం వెనక్కి ఎగురుతున్నట్టు వేస్తారు. బైకు మీద పోయేవాళ్ళ చున్నీ, కండువా వెనక్కి ఎగరడం చూసిన కళ్ళు కదా. కానీ వెనక నుంచి గాలి తోస్తుంటే ఓడ ఆ గాలికన్నా నెమ్మదిగానే పోతుంది, జెండా కూడా ముందుకే ఎగురుతుంది. అనుభవం ఉన్న చిత్రకారుడు ఇది తప్పడు. కాబట్టి మీ బొమ్మలో జెండా, తెరచాప, నీటి మీద నురగ మూడూ ఒకే గాలిని చెబుతున్నాయో లేదో చూడండి. మూడూ కలిస్తే వేసినవాడికి సముద్రం తెలుసు, అతను పెట్టిన ప్రతి చిన్న వివరాన్నీ నమ్మవచ్చు. కలవకపోతే అతను వేరే బొమ్మ చూసి వేసి ఉంటాడు, అప్పుడు వివరాల్లో లోతైన అర్థాలు వెతకడం దండగ.

తర్వాత ఓడ నీళ్ళలో ఎంత లోతుగా కూర్చుందో చూడండి. ఇది మన ఊరి వాళ్ళకు విడిగా చెప్పక్కర్లేదు. ఇనుప ఖనిజం కోసం వచ్చే ఓడ ఖాళీగా పైకి తేలి, అడుగున ఎర్ర రంగు పట్టీ కనిపిస్తూ వస్తుంది. నింపుకుని వెళ్ళేటప్పుడు ఆ ఎరుపు నీళ్ళ కిందికి పోతుంది. పాత చెక్క ఓడల బొమ్మల్లోనూ ఇదే లెక్క. బరువుగా కూర్చున్న ఓడ రేవు వైపు వస్తుంటే సంపాదనతో తిరిగి వస్తున్నట్టు. తేలికగా తేలుతున్న ఓడ బయటికి పోతుంటే దాని కడుపు ఇంకా నిండలేదు. మీ నాన్నగారి స్నేహితులు పోర్టు మనుషులు కాబట్టి ఆ బొమ్మ ఎంచుకున్నప్పుడు ఈ సంగతి వాళ్ళ కంట పడకుండా ఉండదని నా నమ్మకం.

ఇక వెలుతురు. మీ బొమ్మలో నల్లటి ఆకాశం కింద పసుపు గీత ఉందన్నారు, నా దృష్టిలో ఆ బొమ్మకి ప్రాణం అదే. రష్యన్ చిత్రకారుడు ఐవజోవ్‌స్కీ 1850లో 'తొమ్మిదో కెరటం' అని ఒక పెద్ద బొమ్మ వేశాడు. రెండు మీటర్ల పైన ఎత్తు, మూడు మీటర్ల పైన వెడల్పు. ఓడ ఎప్పుడో పోయింది, విరిగిన కొయ్యను పట్టుకుని కొందరు మనుషులు వేలాడుతున్నారు. వరసలో తొమ్మిదోదిగా వచ్చే కెరటమే అన్నిటికన్నా పెద్దదని నావికుల్లో ఒక నమ్మకం, అది వీళ్ళ మీదికి లేస్తోంది. విషయం చెబితే భయంకరంగా ఉంది కదా. కానీ ఎదురుగా నిలబడితే భయం వేయదు, ఎందుకంటే ఆకాశమంతా బంగారు, గులాబీ వెలుగు, ఆ కెరటమే వెలుగు దూరి ఆకుపచ్చ గాజులా మెరుస్తోంది. కథ ఒకటి చెబుతూ వెలుతురు ఇంకొకటి చెబుతుంటే నేను వెలుతురు మాటే వింటాను. మీ బొమ్మలో ఆ పసుపు ఓడ తెరచాప మీద గానీ, పడవలో మనుషుల భుజాల మీద గానీ పడిందా? పడితే వెలుగు వాళ్ళ దాకా వచ్చినట్టు. గీత దూరంగానే ఉండిపోయి వీళ్ళంతా చీకట్లో ఉంటే ఎదురుచూపు ఇంకా తీరలేదు.

వెలుతురు విషయంలో మనకు, అంటే తూర్పు తీరం వాళ్ళకు, ఒక చిక్కుంది. మనకు సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, కొండల వెనక్కి దిగుతాడు. అందుకే నీళ్ళ మీద సూర్యుడు కనిపిస్తే మన కళ్ళకి అది తెల్లవారుజామే. ఒకసారి క్లాసులో ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ వేసిన టెమరేర్ ఓడ బొమ్మ చూపించి ఏమనిపిస్తోంది అని అడిగాను. ఒకరిద్దరు కాదు, పిల్లలంతా పొద్దున్నే ప్రయాణానికి బయల్దేరుతోంది అన్నారు. వాళ్ళ తప్పు లేదు, వాళ్ళ సముద్రం అలాంటిది. కానీ అది అస్తమయం, ఆ ఓడని ముక్కలు చేయడానికి లాక్కుపోతున్నారు.

ఆ బొమ్మ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ప్రతీక ఎలా పుడుతుందో నాకు అర్థమైంది దాని వల్లే. టెమరేర్ 98 ఫిరంగుల యుద్ధనౌక, 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో పోరాడింది. 1838లో దాన్ని పాత కలపకి అమ్మేసి, థేమ్స్ నది ముఖం దగ్గరున్న షీర్‌నెస్ నుంచి లండన్‌లోని రోథర్‌హైత్ దాకా ఆవిరి టగ్గులతో, అంటే పెద్ద ఓడల్ని లాగే చిన్న ఓడలతో, లాక్కెళ్ళారు. టర్నర్ 1839లో బొమ్మని ప్రదర్శనలో పెట్టాడు. జరిగిన దానికీ అతను వేసిన దానికీ పోలిస్తే విషయం బయట పడుతుంది. నిజంగా అప్పటికే తెరచాపలు కట్టే నిలువు కొయ్యలు పీకేశారు, అతను కొయ్యలు నిలబెట్టి వేశాడు. టగ్గులు రెండు, అతను ఒక్కటే వేశాడు. ప్రయాణం పడమరకి, కాబట్టి దిగే సూర్యుడు ఓడకి ముందు ఉండాలి, అతను వెనక పెట్టాడు. ముసలి ఓడని వెలిసిపోయిన తెలుపు బంగారు రంగుల్లో, దాదాపు వెన్నెల్లా వేసి, దాన్ని లాగే టగ్గుని ముదురు రంగులో, పొగ కక్కుతూ వేశాడు.

ఇవన్నీ తెలియక చేసిన పొరపాట్లు కావు. టర్నర్ జీవితమంతా ఓడలు చూసినవాడు. తెలిసినవాడు నిజాన్ని కావాలని ఎక్కడ మార్చాడో అక్కడే ప్రతీక ఉంటుంది. కొయ్యలు ఉంచాడంటే ఆ ఓడ మర్యాద పోనివ్వలేదు. టగ్గు ఒక్కటే వేశాడంటే ఒక కాలం ఇంకో కాలాన్ని చెయ్యి పట్టుకుని తీసుకుపోతున్నట్టు. పెద్ద కోడలు చిన్న కోడలికి తాళం చెవులు ఇచ్చినట్టు అని నా స్టూడెంటు ఒకమ్మాయి అంది, అంతకన్నా బాగా నేను చెప్పలేను. టర్నర్ ఆ బొమ్మని అమ్మడానికి ఒప్పుకోలేదు, పోయేదాకా తన దగ్గరే ఉంచుకున్నాడు. ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది.

ఇలా కావాలని పెట్టిన ప్రతీక ఇంకో రకంగానూ తెలుస్తుంది, లెక్క కలిసినప్పుడు. జర్మన్ చిత్రకారుడు ఫ్రీడ్రిక్ 1835 ప్రాంతంలో వేసిన బొమ్మలో ఒడ్డున అయిదుగురు మనుషులు, సముద్రంలో అయిదు ఓడలు. పసిపిల్లల నుంచి కర్ర పట్టుకున్న ముసలాయన దాకా ఒక్కొక్క వయసు, ఒడ్డుకు ఒక్కొక్క దూరంలో ఒక్కొక్క ఓడ. ఇక్కడ ఓడ అంటే జీవితం అనడానికి బొమ్మే సాక్ష్యం ఇస్తోంది. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1633లో వేసిన గలిలయ తుపాను బొమ్మలో పడవలో ఏసు, పన్నెండు మంది శిష్యులు, అంటే పదమూడు మంది ఉండాలి. లెక్కపెడితే పద్నాలుగు. ఆ అదనపు మనిషి తాడు పట్టుకుని మన వైపు చూస్తున్నాడు, అది రెంబ్రాంటేనని చాలామంది అంటారు. (ఆ బొమ్మ 1990లో బోస్టన్ మ్యూజియంలో దొంగతనానికి పోయింది, ఇంతవరకు దొరకలేదు. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.) మీ బొమ్మలోనూ లెక్కపెట్టండి. ఓడలు మూడు. పడవలో మనుషులు నిజంగా ఇద్దరేనా? వాళ్ళు ఎటు చూస్తున్నారు? ఒక్కరైనా మన వైపు చూస్తుంటే ఆ బొమ్మ మనల్ని లోపలికి పిలుస్తోందని.

అయితే ఒక హెచ్చరిక. ఓడల బొమ్మల్లో చాలా వాటికి ప్రతీకలే ఉండవు. తెరచాప ఓడల కాలంలో కెప్టెన్లూ, ఓడ యజమానులూ తమ ఓడకి ఫొటో తీయించుకున్నట్టు బొమ్మ వేయించుకునేవాళ్ళు. ఓడ పక్కకి తిరిగి, అన్ని తెరచాపలూ ఎత్తి, ప్రతి తాడూ లెక్కగా, పేరున్న జెండా స్పష్టంగా ఉంటే అది ఆ ఓడ పోర్ట్రెయిట్. యజమాని చూసి "ఔను, ఇది నా ఓడే" అనాలి, అంతే దాని పని. మీది అలాంటిది కాదనే అనుకుంటున్నాను, తెరచాపలు దించేసిన ఓడతో ఎవరూ పోర్ట్రెయిట్ వేయించుకోరు.

ఇప్పుడు అసలు చిక్కు ప్రశ్న. ఒకే బొమ్మ ఒకరికి దిగులు, ఇంకొకరికి ధైర్యం ఎలా అవుతుంది? మా క్లాసులో జరిగింది చెబుతాను. ఒక మే నెలలో ఫిషింగ్ హార్బర్‌లో పడవలన్నీ పక్కపక్కనే కట్టేసి ఉన్నాయి. నీళ్ళు కదలడం లేదు, రంగురంగుల పడవల నీడలు కింద అద్దంలో పడ్డట్టు ఉన్నాయి. ఒక పాప చాలా అందంగా వేసింది. ప్రశాంతత అని పేరు పెడదాం అన్నారు అందరూ. జాలరిపేట నుంచి వచ్చే అబ్బాయి ఒకడు మాత్రం చాలాసేపు చూసి, "ఇది డబ్బుల్లేని రోజుల బొమ్మ సార్" అన్నాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో 61 రోజులు వేట నిషేధం. మర పడవలు కట్టేసి ఉన్నాయంటే వాళ్ళింట్లో సంపాదన ఆగినట్టు. ఆ పాప కళ్ళు అబద్ధం చెప్పలేదు, ఈ అబ్బాయి కడుపు కూడా చెప్పలేదు. నేను ఆ బొమ్మని మళ్ళీ దగ్గరగా చూశాను. ఒక పడవ ముక్కు మీద పసుపు, కుంకుమ పాతబడి వెలిసిపోయాయి, పక్క పడవకి అప్పుడే కొత్త నీలం రంగు సగం వేసి ఉంది, డబ్బా ఇంకా చెక్క మీదే ఉంది. గంగమ్మకి పూజ చేసి మళ్ళీ నీళ్ళలోకి దిగే రోజు కోసం సిద్ధం చేస్తున్నారు. పాపకి తెలియకుండానే ఆ సగం నీలం వేసేసింది. ప్రశాంతత ఒక్కటే కాదు, లేమి ఒక్కటే కాదు, రెండూ కలిసిన ఏదో ఉంది అందులో.

అందుకే భావం గురించి గొడవ వస్తే ఎవరి అనుభవం ఎక్కణ్ణుంచి మాట్లాడుతోందో అడుగుతాను, ఆ తర్వాత బొమ్మలో దానికి ఆధారం చూపించమంటాను. మన తెలుగువాళ్ళకు ఓడ అనగానే "ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి" గుర్తొస్తుంది, భవసాగరం గుర్తొస్తుంది. శాతవాహనులు రెండు కొయ్యల ఓడని నాణేల మీద ముద్రించుకున్నారు, వాళ్ళకి అది వ్యాపారం, దర్జా. సముద్రం మీదే బతికిన డచ్చివాళ్ళు తమ 17వ శతాబ్దపు బొమ్మల్లో నిశ్చలమైన నీళ్ళ మీద ఓడల్ని వేస్తే అందులో శాంతి, వ్యాపారం నడుస్తున్న ధీమా రెండూ ఉన్నాయి. భీమిలిలో వాళ్ళ పాత సమాధులు చూసినప్పుడల్లా ఆ ఓడలు నిజంగానే ఇక్కడి దాకా వచ్చాయి కదా అనిపిస్తుంది. ఓడ ఒకటే, అర్థం మాత్రం ఎవరు వేశారు, ఎవరి గోడ కోసం వేశారు అన్నదాన్ని బట్టి మారుతుంది.

ఇంకో చిన్న విషయం, మనం ఎక్కడ నిలబడి చూస్తున్నాం? సముద్రం, ఆకాశం కలిసే గీత బొమ్మలో పైన ఉంటే డాల్ఫిన్స్ నోస్ కొండ ఎక్కి చూస్తున్నట్టు, ఓడలు చిన్నవిగా మన అదుపులో ఉన్నట్టు ఉంటుంది. గీత కింద ఉంటే మనమే పడవలో ఉన్నట్టు. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ 1831 ప్రాంతంలో చేసిన పెద్ద అల బొమ్మలో అంత పెద్ద ఫూజీ కొండ అల కింద చిన్న గుట్టలా కనిపించేది అందుకే. మీ బొమ్మలో గీత సగానికి కిందే ఉంటే చిత్రకారుడు మిమ్మల్ని ఆ ఇద్దరు మనుషుల పక్కన కూర్చోబెట్టాడు.

లేని వాటిని కూడా చూడండి. బీచ్ రోడ్డు మీద నిలబడితే మనకు దూరంగా రేవు కోసం ఆగిన ఓడలు ఎప్పుడూ కనిపిస్తాయి. తుపాను వస్తుందంటే వాటిని లోసముద్రానికి పంపేస్తారు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తర్వాత నా స్టూడెంటు ఒకడు నీలంగా మెరిసే సముద్రం వేశాడు, అందులో ఒక్క ఓడ కూడా లేదు. బయటి ఊరి నుంచి వచ్చిన ఒకాయన ఎంత హాయిగా ఉందో అన్నారు. మా వాళ్ళెవరూ మాట్లాడలేదు. మీ బొమ్మలో ఆ దూరపు రెండు ఓడలు లేకపోతే ఎలా ఉండేదో వేలితో మూసి చూడండి. పెద్ద ఓడ ఒంటరిదైపోతుంది. అవి ఉన్నాయి కాబట్టే మీకు ధైర్యంగా ఉందని నా అనుమానం.

మీ బావగారి మాట గురించి. వాస్తు వేరే శాస్త్రం, అందులో నేను మాట్లాడను. ఇంట్లో పెద్దవాళ్ళకు మనసులో పీకుతుంటే గోడ మార్చండి, నష్టం లేదు. కానీ బొమ్మని తుపానులో ఓడ అని పిలవడం మాత్రం ఒప్పుకోకండి. పడవ ముక్కు ఓడ వైపు ఉంటే ఎదురెళ్తున్నారు, ఒడ్డు వైపు ఉంటే దిగి వచ్చేస్తున్నారు. రెండూ రేవులో రోజూ జరిగే పనులే, మీ నాన్నగారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ చూసినవే.

ఆఖరుగా ఒకటి, దీనివల్ల నేను పైన చెప్పింది కొంత మారినా మారవచ్చు. ఆ ఆకాశం మొదటి నుంచీ అంత నల్లగా ఉండేదా? పాత ఆయిల్ పెయింటింగ్ మీద పూసిన వార్నిష్ ఏళ్ళు గడిచేకొద్దీ పసుపు, తర్వాత గోధుమ రంగుకి తిరుగుతుంది. రెంబ్రాంట్ వేసిన ఒక పగటి బొమ్మకి వార్నిష్ నల్లబడటం వల్లే 'రాత్రి కాపలా' అనే పేరు వచ్చింది. పైగా మన ఊళ్ళో ఉప్పు గాలి, తేమ, దేవుడి గది హాలుకి దగ్గరైతే అగరొత్తుల పొగ కూడా. బొమ్మని దించి, ఫ్రేము అంచు కప్పిన వేలెడు భాగంలో ఆకాశం రంగు చూడండి. అక్కడ బూడిద రంగో, లేత నీలమో కనిపిస్తే మీ బొమ్మలో తుపాను చాలావరకు ఇంట్లోనే పుట్టింది. తడిగుడ్డతో మాత్రం తుడవకండి, బంగాళదుంప, నిమ్మకాయ చిట్కాలు అసలే వద్దు, రంగు లేచిపోతుంది. పగటి వెలుతురులో నాలుగు ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి: జెండా, పడవ ముక్కు, పెద్ద ఓడ నీటిని తాకే చోటు, ఫ్రేము కింద దాగిన అంచు. ఫ్లాష్ వేయకండి. చూసి మళ్ళీ రాస్తాను.